నొక్కేదెవరు?

తాళాల గుత్తి ఉప్పుగిన్నె పక్కనే పడి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ మాటకొస్తే ఉప్పుగిన్నెని కూడా ఎవరూ ముట్టుకోలేదు. కూరలో ఉప్పు చాలలేదని బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. అయినా అటువైపు చెయ్యి చాపే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది.

అవి వాళ్ళ లాండ్రీ తాలూకు స్టేషన్ కొట్టు తాళాలు. తెచ్చి పెట్టింది ఆ ఇంటి ఆడపిల్లే. పెట్టి, కుర్చీ లాక్కోకుండా, గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది.

"మూసేస్తానన్నారుగా నాన్నా. మీకెందుకు శ్రమ? నేనే తాళం వేసి తెచ్చాను," అంది.

పెద్దాయన ముద్ద కలుపుతూ ఆగాడు. ఊరంతా ఆయన్ని తెల్లచొక్కాయన అంటుంది. లాండ్రీ పెట్టిన రోజు నుంచీ తెల్ల చొక్కా తప్ప ఇంకోటి తొడగలేదు. దాని మీద ఇవాళ్టి వరకూ ఒక్క మరక చూసినవాడు లేడు.

"వారం చివరిదాకా గడువిచ్చాను కదమ్మా."

"గడువు దేనికి నాన్నా? గడువిస్తే టీవీలో గీత పొట్టిదవుతుందా?"

"అక్కా, ముందు కూర్చో. రెండు ముద్దలు తిను," అన్నాడు తమ్ముడు చిట్టి.

"ఆకల్లేదురా."

"ఈ ఇంట్లో ఆకలి లేదంటే కడుపు నిండిందని కాదు, ఒళ్ళు మండిందని," అంది వాళ్ళమ్మ, కోడలికి అత్తగారు, గరిటె గిన్నెకేసి కొట్టి. "మీ నాన్నా అంతే, నువ్వూ అంతే. అలిగితే వంట చేసినదాని మీద పడతారు."

చిట్టి పెళ్ళాం, ఆ ఇంటి కోడలు, తలెత్తలేదు. ఆ గొడవ మొత్తానికి మూలం తనేనని ఆవిడకి తెలుసు. తెలియనట్టు ఉందామన్నా, పక్కనే కూర్చున్న మొగుడు కాలితో తన కాలిని తంతూనే ఉన్నాడాయె.

"అంతా నీ బొమ్మల వల్ల వచ్చింది," అని గొణిగాడు చిట్టి.

"బొమ్మలు కాదు. రిపోర్టు," అని అంతే మెల్లగా అంది కోడలు.

ఆ రిపోర్టు సంగతే వారం రోజులుగా ఇంట్లో పొగలు కక్కుతోంది. పెద్దాయన కొత్తగా ఆస్పత్రి దుప్పట్ల పని ఒప్పుకున్నాడు. ఇకనుంచి రోజూ గుట్టలు గుట్టలుగా దుప్పట్లు వస్తాయి, దానికి మనుషులు చాలరు. ఉన్న నాలుగు కొట్లలో ఒకటి మూసి, అక్కడి మనుషుల్ని ఈ పనికి మళ్ళించాలి. ఏ కొట్టు మూయాలి? "ఏ కొట్టులో తిరుగు బట్టలు ఎక్కువున్నాయో ఆ కొట్టు. కూతురిదైనా సరే, కొడుకుదైనా సరే. నా మాటంటే మాటే," అనేశాడు కిందటి వారం. తిరుగు బట్టలంటే మరక పోలేదనో, ఇస్త్రీలో కాలిందనో, గుండీ ఊడిందనో కస్టమర్లు మళ్ళీ తెచ్చి బల్ల మీద పడేసేవి. కోడలు హాల్లో టీవీ మీద రిపోర్టు తెరిచింది. నాలుగు గీతలు నిలబడ్డాయి. పాత కొట్టు, బజారు కొట్టు, కాలేజీ కొట్టు, మూడూ పొట్టిగా ఉన్నాయి. నాలుగోది తాడిచెట్టంత ఉంది. దాని కింద స్టేషన్ కొట్టు అని రాసి ఉంది.

ఆ కొట్టు ఆడపడుచుది. ఉట్టి తలుపులు, ఒక పాత మిషను ఉన్న గదిని తీసుకుని, ఆఖరి రైలు దిగినవాడు కూడా మర్నాటికి ఉతికిన చొక్కా తొడుక్కుని వెళ్ళేలా చేసిందావిడ. ఇప్పుడు ఆ పేరే గీత కింద ఉంది.

"నాకు ఒక్క మాట చెప్పు మరదలా," అంది ఆడపడుచు, గోడ దగ్గర్నుంచి కదలకుండానే. "నీ లెక్కలో తప్పేమైనా ఉందా?"

 చిట్టి కాలు మళ్ళీ తగిలింది. ఉందని ఒక్క మాట అంటే చాలు, గొడవ చల్లారిపోతుంది. టీవీదే తప్పనుకుని అందరూ ఉప్పు వేసుకుని తింటారు.

"లేదు వదినా," అంది కోడలు. "రాసిన ప్రతి బట్టా లెక్కలో ఉంది. నా రిపోర్టులో తప్పు లేదు."

"నా కొట్టులోనూ తప్పు లేదు."

"ఆ మాట నేను కాదనట్లేదు."

"రెండూ ఎలా కుదురుతాయే?" అని మధ్యలోకి వచ్చాడు చిట్టి.

 కోడలికి వెనక్కి తగ్గడానికి మనసొప్పలేదు. పెళ్ళికి ముందు ఒక పెద్ద బట్టల కంపెనీ ఆఫీసులో పనిచేసిందావిడ. అక్కడ పొద్దున్న లేస్తే ఒకడు ఒక ఊరి లెక్క కావాలనేవాడు, ఇంకొకడు ఒక నెలది, మూడోవాడు ఆ ఊరిదే ఆ నెలదే కానీ పిల్లల సైజు మాత్రమే అనేవాడు. అడిగిన ప్రతివాడికీ కొత్త కాగితం తీసి ఇవ్వలేక ప్రాణం విసిగి, ఒకే పేజీ మీద బటన్లు పెట్టేసింది. ఊరు నొక్కు, నెల నొక్కు, సరుకు నొక్కు. నీకేం కావాలో నువ్వే వడగట్టుకో. ఆ మర్నాడు ఆవిడ టేబుల్ దగ్గరకి ఒక్కడూ రాలేదు. అందరూ ఎవరి సీట్లో వాళ్ళు కూర్చుని పిల్లల్లా నొక్కుకుంటున్నారు. ఆ రోజు తనని చూసి తనకే ముచ్చటేసింది.

ఈ ఇంటికి వచ్చాక అదే పని చేసింది. నాలుగు కొట్ల చీటీల గుట్టని ఒక్క పేజీలోకి దించింది. పెద్దాయన పనివాళ్ళందరినీ పిలిచి, "ఇది నా కోడలు చేసింది," అని తన కొత్త మిషనుని చూపించినంత గొప్పగా చూపించాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ కోడలి వెన్ను నిటారుగా అవుతుంది. కానీ ఆ రోజే ఒక షరతు కూడా పెట్టాడాయన.

"బటన్లు అందరి చేతికీ ఇస్తే ఎవరికి కావల్సింది వాళ్ళు చూసుకుని ఇల్లు సంత చేస్తారమ్మా. నొక్కేది నువ్వు. చూసేది మేము."

సరేనంది. కొత్త కోడలు, మామగారి మాట. అప్పుడు సరేనన్నది ఇప్పుడు గొంతుకి అడ్డం పడుతోంది.

ఆవిడ చెయ్యి కడుక్కుని, బల్ల దగ్గరికే కనబడే హాల్లోకి వెళ్ళి, టీవీ వేసి, ట్యాబ్ తెచ్చి ఆడపడుచు ముందు పట్టుకుంది.

"నువ్వే నొక్కు వదినా. నీ కొట్టు సంగతి నాకంటే నీకు తెలుసు. నీకు ఏం అడగాలనిపిస్తే అది అడుగు."

"ఆగమ్మాయ్," అన్నాడు పెద్దాయన. గొంతు పెంచలేదు. పెంచకపోతేనే ఆయనంటే భయం. "మనం ఏం అనుకున్నాం?"

"నొక్కేది నేను, చూసేది మీరు అనుకున్నాం మామయ్యా."

"మరి?"

"నేను నొక్కితే నాకు తోచిందే అడుగుతాను. నాకు తోచనిది ఎవరడుగుతారు? వదిన కొట్టు మూస్తున్నారు. ఆవిడకి అడిగే హక్కు లేదా?"

చిట్టి కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. పెళ్ళయ్యాక ఆవిడ మామగారికి ఎదురు మాట్లాడటం అదే మొదలు. అయినా చాపిన ట్యాబ్ వెనక్కి తీసుకోలేదు.

"నాకొద్దు," అంది ఆడపడుచు టక్కున.

కోడలు తెల్లబోయింది. "అదేంటి వదినా?"

"వద్దంటే వద్దు. తాళాలిచ్చేశాను, అయిపోయింది."

"అయ్యో రామా, ఒకళ్ళు ఇవ్వద్దంటారు, ఒకళ్ళు ఇచ్చినా వద్దంటారు!" అంది అత్తగారు పమిటతో చేతులు తుడుచుకుంటూ లేచి. "ఇటు తే. నేను నొక్కుతా."

"నువ్వా?" అన్నాడు పెద్దాయన.

"ఏం, నాకు వేలు లేదా? పాత కొట్టు వెనక గదిలో కాపురం పెట్టినప్పుడు పగలంతా ఇస్త్రీపెట్టె నొక్కింది ఈ వేలు కాదూ?"

 అత్తగారు కళ్ళజోడు సర్దుకుని ట్యాబ్ మీదకి వంగింది. కొట్టు, వారం, బట్ట రకం అని వరసలుగా బటన్లున్నాయి, అన్నిటికీ చివర 'ఎన్ని ఉతికారు' అని ఒకటి. ఆవిడ వేలు గాల్లో తిరిగి తిరిగి తెల్ల చొక్కాల మీద వాలింది.

టీవీలో గీతలన్నీ గభాల్న కుంగిపోయాయి.

"ఓసినీ! కదిలాయే!" అని ఆవిడ నిజంగానే ఒక్క గెంతు గెంతింది. "నేను నొక్కితేనే!"

"మీరు నొక్కితేనే అత్తయ్యా," అంది కోడలు. ఇంట్లో అంత గొడవ జరుగుతున్నా నవ్వాపుకోలేకపోయింది. ఆఫీసులో పెద్ద పెద్ద ఆఫీసర్ల ముఖాల్లో కూడా ఇంత వెలుగు చూడలేదావిడ.

"ఇదిగో, చూడండి, మీ తెల్ల చొక్కాలే. మీరే కాదు, ఊళ్ళో ఇంకా తెల్ల చొక్కాలు వేసేవాళ్ళున్నారన్నమాట." అత్తగారు ట్యాబ్ చంకన పెట్టుకుని టీవీ ముందు అటూ ఇటూ తిరిగింది. దగ్గరగా వెళ్ళి చూసింది, దూరంగా వచ్చి చూసింది. "ఎంత ముద్దుగా కదిలాయో. నాకు ఇన్నాళ్ళూ ఎవరూ ఇవ్వలేదేం?"

"నువ్వు అడగలేదుగా," అన్నాడు పెద్దాయన.

"అడగాలని తెలిస్తే కదా అడగడానికి!"

వాళ్ళిద్దరూ అలా వాదించుకుంటుండగా చిట్టి బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చాడు. టీవీ వైపు చూశాడు. ఒక్కసారిగా అరిచాడు.

"నాన్నా! అక్క కొట్టు గీత చూడండి! ఎంతుంది? వేలెడంత! నా బజారు కొట్టుతో సమానంగా ఉంది!"

పెద్దాయన తిన్న చేత్తోనే లేచి వచ్చాడు. నిజమే, నాలుగు గీతలూ ఇంచుమించు ఒకే ఎత్తున, గుండ్రాళ్ళలా బుద్ధిగా కూర్చుని ఉన్నాయి.

"మరి కిందటి వారం?" అన్నాడాయన.

"కిందటి వారం ఏదో తప్పు జరిగింది. ఇప్పుడు సరైంది. అక్కా, తాళాలు తీసుకో!" చిట్టి గుత్తి తీసుకుని పరుగున వెళ్ళి అక్క చేతిలో పెట్టబోయాడు. అత్తగారు, "నా వేలి మహత్తు," అంటోంది. పెద్దాయన ముఖంలో బిగువు సడలింది. కూతురి కొట్టు మూయాల్సిన పని లేదంటే ఆయనకి మాత్రం చేదా? గుండెల మీద బరువు దించినట్టే ఊపిరి వదిలాడు.

కోడలు ఒక్కతే కదల్లేదు. టీవీ పై మూలన చిన్న అక్షరాల్లో రాసి ఉన్నది ఆవిడకి కనిపిస్తూనే ఉంది. తెల్ల చొక్కాలు. అత్తగారు నొక్కిన బటన్ అలాగే ఉండిపోయింది. నీలం చొక్కాలు, చీరలు, ప్యాంట్లు, దుప్పట్లు, అన్నీ ఆ జల్లెడ పైన ఉండిపోయాయి, కిందకి దిగింది చిటికెడు.

చెప్పకపోతే ఏమవుతుంది? ఇంటిల్లిపాదీ నవ్వుతున్నారు. వదిన కొట్టు బతుకుతుంది. తనని ఎవరూ ఏమీ అనరు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, కోడలు ఆ మూల నుంచి చూపు తిప్పుకుంది.

"లేదు మామయ్యా," అంది. "ఇది మొత్తం కాదు. తెల్ల చొక్కాలు మాత్రమే. అత్తయ్య నొక్కింది తియ్యలేదు."

అని, అత్తగారి చంకలోంచి ట్యాబ్ మెల్లగా తీసుకుని, ఆ బటన్ వదిలింది. స్టేషన్ గీత మళ్ళీ తాడిచెట్టై లేచి నిలబడింది.

 చిట్టి పెళ్ళాం వంక చూసిన చూపుకి ఇంకొకత్తె అయితే వంటింట్లోకి పారిపోయేది. "నీకు మనసు అనేది ఉందా అసలు?" అన్నాడు.

"ఉంది కాబట్టే చెప్పాను. రేపు మామయ్య ఇంకోసారి చూస్తే? అప్పుడు వదిన ఇంకోసారి తాళాలు తెచ్చి పెట్టాలా?"

అప్పుడు జరిగింది ఎవరూ అనుకోనిది. గోడకి ఆనుకున్న ఆడపడుచు నవ్వింది. వారంలో మొదటిసారి నవ్వింది. వచ్చి మరదలి భుజం మీద చెయ్యి వేసింది.

"దీన్ని ఏమీ అనకురా చిట్టీ. ఆ కొట్టంటే నాకు ఎంత ఇష్టమో దీనికి తెలుసు. అయినా నా కోసం కూడా అబద్ధం ఆడలేదు. అలాంటిది మనింటికి వచ్చింది, గర్వపడు." మరదలి వైపు తిరిగింది. "నిన్ను అనడానికేం లేదమ్మా. నువ్వు ఉన్నదే చూపించావు."

ఆ మాట కోడలికి ఎక్కడో తగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఉన్నదంతా చూపించలేదు వదినా."

"అంటే?"

"ఇంకో వరస బటన్లున్నాయి. దాచేశాను."

పెద్దాయన తల తిప్పాడు. "ఎవరు దాచమన్నారు?"

"మీరే మామయ్యా."

ఆయనకి గుర్తు రావడానికి కాసేపు పట్టింది. కోడలే గుర్తు చేసింది. మొదట్లో రిపోర్టులో ప్రతి బట్ట పక్కనా రెండు కొట్ల పేర్లుండేవి. బట్ట ఎక్కడికి తిరిగి వచ్చిందో ఆ కొట్టు ఒకటి, దాన్ని ఎక్కడ ఉతికారో ఆ కొట్టు ఒకటి. ఉతికిన కొట్టు ఏదో తెలియడం కష్టం కాదు. నాలుగు కొట్లకీ నాలుగు రంగుల దారాలు. కాలరు లోపలో, అంచుకో కుట్టే గుర్తు గుడ్డ పాత కొట్టుదైతే నీలం దారంతో ఉంటుంది, స్టేషన్‌దైతే ఎరుపు, బజారుది పసుపు, కాలేజీది ఆకుపచ్చ. బల్ల దగ్గర రాసుకునేవాళ్ళు ఆ రంగు కూడా రాస్తారు. పెద్దాయన అది చూసి, రెండోది తీసెయ్యమన్నాడు.

"అన్నాను," అన్నాడాయన, తలెత్తి. "ఇప్పుడూ అంటాను. నా నాలుగు కొట్లలోనూ బోర్డు రాయించాను. 'ఇది మా కొట్టు పని కాదు అన్న మాట ఇక్కడ వినబడదు.' కస్టమర్ ఎవరి గుమ్మంలో నిలబడితే ఆ కొట్టుదే బాధ్యత. అక్కడికి వెళ్ళు, ఇక్కడికి వెళ్ళు అని తిప్పితే వాడు మళ్ళీ మొహం చూపిస్తాడా? ఈ మాట మీదే ఇంత పేరు తెచ్చుకున్నాను. ఎక్కడ ఉతికారో మనకి అనవసరం."

"కస్టమర్‌కి అనవసరం మామయ్యా. కొట్టు మూసేవాళ్ళకి అవసరం." కోడలు ట్యాబ్ మీద వేలు పెట్టింది. "ఒక్క నిమిషంలో తెస్తాను."

"వద్దు!"

ఆ కేక ఆడపడుచుది. అందరూ ఉలిక్కిపడ్డారు. ఆవిడ మరదలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. నవ్వు ఎక్కడిదక్కడ ఆరిపోయింది.

"వద్దమ్మా. నా మాట విను. అది తియ్యకు."

"నీకు మేలు జరిగేదే కదా వదినా?"

"నాకు ఏ మేలూ వద్దు. నేను తాళాలిచ్చేశాను."

పెద్దాయన కూతురి ముఖంలోకి చూశాడు. ఆవిడ చూపు తిప్పుకుంది. లాండ్రీలో బతికినవాడు, మరక ఎక్కడుందో దాచేవాళ్ళ ముఖం చూసి చెప్పగలడు.

"ఎందుకొద్దు?"

"ఊరికే."

"ఊరికే అనే మాట నా కూతురి నోట రాదు. అమ్మాయ్, తియ్యి ఆ వరస."

"నాన్నా..."

"తియ్యమన్నాను."

కోడలు దాచిన వరస బయటికి లాగింది. 'ఉతికిన కొట్టు' అని నాలుగు బటన్లు వచ్చి కూర్చున్నాయి. ఏది నొక్కితే, ఆ కొట్టు ఉతికి తిరిగొచ్చిన బట్టలన్నీ ఒకే గీతగా వస్తాయి. ఆవిడ వేలు అలవాటుగా ముందుకి వెళ్ళి ఆగింది. ట్యాబ్‌ని రెండు చేతులా పట్టుకుని మామగారి ముందుకి చాపింది.

"మీరే నొక్కండి."

ఆయన ఆ పలకని చూశాడు, కోడల్ని చూశాడు. చెయ్యి చొక్కాకి తుడుచుకోబోయి, తెల్ల చొక్కా అని గుర్తొచ్చి, తువ్వాలు అడిగి తుడుచుకున్నాడు. ముందు స్టేషన్ మీద నొక్కాడు.

తాడిచెట్టు కూలినట్టు గీత నేలకి దిగిపోయింది. ఉందా లేదా అన్నంత మిగిలింది.

"అంటే?" అన్నాడు చిట్టి.

"వదిన ఉతికినవాటిలో తిరిగి వచ్చినవి అంతే," అంది కోడలు.  "ఆవిడ కొట్టు ఆఖరి రైలుదాకా తెరిచుంటుంది. మిగతా మూడూ పొద్దుగూకగానే మూస్తారు. ఊళ్ళో ఎవరి బట్ట పాడైనా ఆఫీసు అయ్యాక పట్టుకెళ్ళేది అక్కడికే. ఆవిడ ఎవర్నీ పొమ్మనలేదు. అందరివీ తన పేరునే రాసుకుంది. మామయ్య బోర్డు మీద రాయించిన మాటని తు.చ. తప్పకుండా పాటించింది ఆవిడొక్కతే."

"నా తల్లే," అంది అత్తగారు, కళ్ళు తుడుచుకుంటూ. కూతుర్ని దగ్గరకి లాక్కుంది. పెద్దాయన ఛాతీ పొంగింది. ఆ కాసేపూ ఆయన కూతుర్ని చూసిన చూపు చూస్తే, ఇంక ఆ పిల్లకి వేరే మెచ్చుకోలు అక్కర్లేదు.

అయితే ఆయన వేలు ఇంకా ట్యాబ్ మీదే ఉంది.

"మరి అవన్నీ ఎవరివి?"

"నాన్నా, చాలు," అంది ఆడపడుచు తల్లి భుజం మీంచి. "ఇంక వదిలెయ్యండి."

ఆయన వినలేదు. కాలేజీ నొక్కాడు. గీత బొటనవేలంత లేచింది. బజారు నొక్కాడు. చిట్టి ఊపిరి బిగబట్టాడు. అరచెయ్యంత లేచి ఆగింది. చిట్టి హమ్మయ్య అనుకున్నది అందరికీ వినబడింది.

ఒక్క బటన్ మిగిలింది.

పాత కొట్టు. ఇప్పటికీ పొద్దున్నే ఆయనే వెళ్ళి తలుపు తీసే కొట్టు. ఆయన కుర్చీ, ఆయన బల్ల ఉన్న కొట్టు. తలుపు మీద ఆయన చేత్తో రాసిన మొదటి బోర్డు ఉన్న కొట్టు. ఆయన దాని మీద నొక్కాడు.

గీత లేచింది. లేచి లేచి, మొదట చూసిన తాడిచెట్టుకి కాస్త తక్కువగా ఆగింది.

టీవీలో ఏ చప్పుడూ ఉండదు. అయినా గదిలో ఏదో పెద్ద వస్తువు పడ్డట్టే అయింది.

"నీకు తెలుసా?" అన్నాడు పెద్దాయన. కూతుర్నే అడిగాడు.

"దారం రంగు కనబడదా నాన్నా?"

"నీలం."

"అన్నీ కాదు. చాలావరకు."

"మరి ఎందుకు చెప్పలేదు? కస్టమర్ ముందు అనకూడదన్నాను. నేను కస్టమర్‌నా?"

"మీ కొట్టు నుంచి వస్తున్నాయని మీకెలా చెప్పను నాన్నా?" ఆవిడ తల్లి భుజం వదిలి ముందుకొచ్చింది. "చిన్నప్పుడు ఎవరైనా మీ నాన్న ఏం చేస్తాడే అంటే, మా నాన్న ఉతికిన చొక్కా తిరిగి రాదు అనేదాన్ని. అదే మాట ఇప్పటిదాకా అంటున్నాను. ఆ మాట నా నోటితో నేనే తీసేసుకోనా? దానికంటే నా కొట్టు పోతే పోయిందనుకున్నాను."

అత్తగారు ముఖం కప్పుకుంది. చిట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. కోడలికి మాత్రం ఒక్కటే అనిపించింది: తన రిపోర్టు ఇల్లు కూల్చిందనుకున్నారు అందరూ. కానీ ఇంతటి ప్రేమ ఈ గోడల మధ్య ఉందని ఆ బటన్ లేకపోతే ఎవరికి తెలిసేది?

పెద్దాయన ట్యాబ్‌ని బల్ల మీద పెట్టాడు. కుర్చీలో కూర్చుంటాడనుకున్నారు. కూర్చోలేదు.

"అమ్మాయ్."

"మామయ్యా."

"ఇందాక తెల్ల చొక్కాల సంగతి నువ్వు చెప్పకపోయినా నాకు తెలిసేది కాదు. చెప్పావు. ఇది కూడా అలాగే చెప్పు. ఇందులో ఏదైనా బటన్ ఉండిపోయిందా? ఏదైనా జల్లెడ అడ్డం ఉందా?"

కోడలు టీవీ పై మూల చూసింది. ఒకసారి చూసి, నమ్మకం కోసం మళ్ళీ చూసింది. ఉందని అంటే ఆయన నమ్ముతాడు. ఇప్పుడు ఆయన ఆవిడ ఏం చెప్పినా నమ్ముతాడు.

"లేదు మామయ్యా. ఇది మొత్తం లెక్క."

"నీ లెక్క తప్పవుతుందా?"

"అవదు."

"అలా ఉండాలి," అన్నాడాయన, తల పంకించి. ఆ ముఖంలో ఓడిపోయినవాడి ఛాయ ఒక్కటి లేదు. పనివాళ్ళందరి ముందూ 'నా కోడలు చేసింది' అన్న రోజు ఎలా ఉన్నాడో అలా ఉన్నాడు. "రేపు ఇలాంటి పలక నాలుగు కొట్లలోనూ పెట్టించు. అన్ని బటన్లతోటీ. బల్ల దగ్గరున్నవాడు, ఇస్త్రీ చేసేవాడు, ఎవరికి ఏం అడగాలనిపిస్తే అది నొక్కనీ. నేను అడ్డుపడ్డాను, తప్పు."

చిట్టి చేతిలో ఉన్న స్టేషన్ తాళాలు తీసుకుని కూతురి గుప్పిట్లో పెట్టి, ఆవిడ వేళ్ళు తనే మూశాడు.

తర్వాత మొలకి కట్టుకున్న తాళాల గుత్తి విప్పాడు. అది ఆయన స్నానానికి వెళ్ళినా తియ్యడు. అందులోంచి ఒకటి వేరు చేశాడు. అరిగి అరిగి పళ్ళు మొండైపోయిన పాత కొట్టు తాళంచెవి. దాన్ని తెచ్చి ఉప్పుగిన్నె పక్కన, ఇందాక కూతురి తాళాలున్న చోటే పెట్టాడు.

"నాన్నా!"

"ఏ కొట్టు బట్టలు ఎక్కువ తిరిగొస్తే ఆ కొట్టు అన్నాను. కూతురిదైనా సరే, కొడుకుదైనా సరే అన్నాను. నాదైతే వేరని అనలేదు."

"మీ మాట వెనక్కి తీసుకోండి నాన్నా, ఎవరేమంటారు?" అన్నాడు చిట్టి.

"నువ్వు అంటావు. రేపు నువ్వు మాట తప్పినప్పుడు." ఆయన నవ్వాడు. "మీ అక్క నా మాట నిలబెట్టడానికి కొట్టు వదులుకోబోయింది. నేను నిలబెట్టుకోలేనా?"

ఎవరూ ఆ తాళంచెవి వైపు చెయ్యి చాపలేదు. ఆడపడుచు ఏడుస్తోంది. ఏడుస్తూనే తండ్రిని తల ఎత్తి చూస్తోంది, చిన్నప్పుడు మా నాన్న అని చెప్పుకునేటప్పుడు చూసినట్టు.

అప్పుడు అత్తగారు ముఖం మీంచి పమిట తీసింది. ఎప్పుడు తుడుచుకుందో గానీ కళ్ళు పొడిగా ఉన్నాయి. తిన్నగా బల్ల దగ్గరకి నడిచి వచ్చింది. తాళంచెవిని చూడనైనా చూడలేదు. దాని పక్కనున్న ట్యాబ్ అందుకుంది.

"ఇది ఎలా మొదలుపెట్టాలే? ముందున్నవన్నీ తీసెయ్యి. మళ్ళీ ఏదీ ఉండిపోకూడదు."

కోడలు అన్నీ తీసేసింది. "ఏం చూడాలత్తయ్యా? చెప్పండి, నేను..."

"నీకెందుకు చెప్పాలి? నొక్కేది నేను కదా." కళ్ళజోడు ముక్కు మీదకి దించుకుంది. మొగుడి వంక ఒకసారి చూసింది. "పాత కొట్టు వెనక గదిలో కాపురం చేసింది ఈయనొక్కడే కాదు. మూసే ముందు నేనూ ఒకటి అడగాలి."

పెద్దాయన టీవీ వైపు చూడలేదు. పెళ్ళాం వేలి వైపు చూశాడు. ఆ వేలు వరసల మీద తడుముకుంటూ, కొట్టు దాటి, వారం దాటి, కోడలు కూడా ఎప్పుడూ నొక్కని ఆ చివరి 'ఎన్ని ఉతికారు' బటన్ దగ్గర ఆగింది.